జవాబు చెప్పనివాళ్లు

పోయిన వారం ఇందుజను మనం ఖటోదరాలో, బుచ్చిరాములు ఉండే గది గుమ్మం దగ్గర, చేతిలో ఫోనుతో వదిలిపెట్టి వచ్చాం. పరాయి రాష్ట్రంలో ఈ ఊరికొచ్చి సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేసే మన తెలుగువాళ్లకు చెవులు ఎలా ఉన్నాయో కనుక్కుందామని ఆమె ఒక ఆన్‌లైన్ సర్వే తయారుచేసిన సంగతి మీకు తెలుసు. అక్షరాలు చదవలేనివాళ్లకు కూడా అందాలని ప్రశ్నలన్నీ తన గొంతుతోనే రికార్డు చేసి లింకుతో పాటు పంపింది. ఫలితం చక్కగా వచ్చిందన్న సంబరంతో, ఆ రికార్డునే బుచ్చిరాములుకు వినిపించి, "అర్థమైందా బాబాయ్?" అని అడిగింది. ఆయన నవ్వుతూ తలూపాడు. ఆయన కూతురు వినోద మాత్రం ఇందుజ చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది.

"అక్కా, ఆ ఫోన్ల ఏమొచ్చిందో మా బాపుకు తెల్వదు. ఆయనకు ఇనవడక మూడేండ్లాయె. నీ కాళ్లు మొక్కుత, ఎవ్వలికి చెప్పకు."

వారమంతా ఆ మాట ఇందుజ చుట్టూ జోరీగలా తిరుగుతూనే ఉంది. చెవిటివాడి ముందు శంఖం ఊదకూడదని మనకు చిన్నప్పుడే చెప్తారు. స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ చేసిన ఇందుజకు మాత్రం ఊదడం అయిపోయాక గుర్తొచ్చింది. వినపడుతుందా అని అడగడానికి వినిపించే ప్రశ్న పంపింది! విన్నవాడు జవాబిచ్చాడు. విననివాడు అదేదో ప్రకటన అనుకుని ఫోను పక్కన పడేశాడు. ఈవిడగారు వచ్చిన జవాబుల్ని ఒద్దికగా లెక్కపెట్టి, పదిమందిలో తొమ్మిది మందికి చెవులు భేషుగ్గా ఉన్నాయని తేల్చేసింది.

తప్పు అక్కడితో ఆగినా బాగుండేది. లింకు ఒక్కరికి కూడా తప్పిపోకూడదని దాన్ని ముకాదంల వాట్సాప్ గ్రూపుల్లో పెట్టించింది. రేపు ఎవరు ఏ షిఫ్టుకు రావాలో ముకాదం చెప్పేది ఆ గ్రూపుల్లోనే కాబట్టి కార్ఖానాల్లో పనిచేసే ప్రతివాడూ వాటిలో ఉంటాడు. సర్వే తెరిస్తే మొదట అడిగేది ఫోను నంబరు. పని ఇచ్చేవాడి గ్రూపులోంచి వచ్చి, నీ నంబరెంత, నీకు చెవుడుందా అని అడిగితే, ఉందని ఏ వెర్రివాడు నొక్కుతాడు? పైగా మొన్న వానాకాలంలో పక్క వీధి కార్ఖానాలో ఒకతను వెనక నుంచి వేసిన కేక వినపడక చెయ్యి నలగ్గొట్టుకున్నాడు. ఆ వెంటనే బుచ్చిరాములు పనిచేసే చోట సేఠ్ ఖరాఖండిగా చెప్పాడు. చెవుడున్నవాడు సాంచె దగ్గర ఉండటానికి వీల్లేదు.

బుచ్చిరాములు మాత్రం ఉన్నాడు. సాంచెల మోతలో వినేవాడూ విననివాడూ దాదాపు ఒకటే. అక్కడ అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. పోగు తెగితే రెండు వేళ్లు కత్తెరలా ఆడిస్తారు. పిడికిలి బిగించి ఎత్తితే సాంచె ఆపమని అర్థం. మిగతాదంతా ఎదుటివాడి పెదవులు చూసి పట్టేస్తారు. ఆ విద్యతోనే ఆయన ఇన్నాళ్లూ నెట్టుకొస్తున్నాడు. ఇంట్లో వినోద కూడా తండ్రితో ఆ చేతుల మాటలే మాట్లాడుతుంది.

ఇక ఆదివారం సంగతి.

తెలుగు సంఘం హాలు నిండిపోయింది. ముందు వరసల్లో రైల్వే వాళ్లు, బ్యాంకు వాళ్లు, వాళ్ల భార్యలు. వెనక సాంచెల మీద పనిచేసే మగవాళ్లు, సెలవు పూట ఉతికిన చొక్కాలతో. బుచ్చిరాములు ఎప్పుడూ ముందుకొచ్చి కూర్చునే మనిషి. ముందుంటే మాట్లాడేవాళ్ల మొహాలు కనపడతాయి కదా. మూడో వరసలో, చేతులు ఒళ్లో పెట్టుకుని, ఏదో పెళ్లికి వచ్చినవాడిలా ప్రసన్నంగా కూర్చున్నాడు. గోడవారగా ఆడవాళ్ల కుర్చీల్లో వినోద ఉంది. కాలేజీ పిల్ల, గలగలా మాట్లాడే పిల్ల, ఆ రోజు ఎవరితోనూ మాట్లాడలేదు.

తేలాల్సింది ఒక్కటే. ఖటోదరాలో సంఘం వాళ్ల ట్రస్టు పెట్టిన చెవి పరీక్షల గది ఉంటుందా, ఎత్తేస్తారా? ఎత్తేస్తే ఆ ఖర్చుతో కతర్‌గామ్‌లో వజ్రాలు సానపట్టేవాళ్లకు కంటి పరీక్షలు పెడతారు. అది కూడా పుణ్యమే, కాదనలేం. కానీ ఊళ్లోంచి కొత్తగా వచ్చి సాంచెలెక్కిన కుర్రాళ్లు ఆ హాల్లోనే వెనక గోడకు ఆనుకుని నిలబడి ఉన్నారు. వాళ్ల చెవులు ఇంకా పాడవలేదు. ఏటేటా పరీక్ష చేసి, చెవుల్లో బిరడాలు పెట్టించి కనిపెట్టుకుంటే మిగులుతాయి. లేకపోతే కొన్నేళ్లకు వాళ్లు కూడా బుచ్చిరాములులా నవ్వుతూ తలూపుతారు.

ట్రస్టు కార్యదర్శి నరహరి గారు బ్యాంకులో మేనేజరుగా రిటైరైన పెద్దమనిషి. ఇందుజ తండ్రి నాగభూషణానికి పాత స్నేహితుడు. చెడ్డవాడేం కాదు, అంకె కనపడితే నమ్మేస్తాడు, అంతే. ఆయన పక్క కుర్చీలో ఓంప్రకాష్ సేఠ్ కూర్చున్నాడు. బుచ్చిరాములు పనిచేసే కార్ఖానా ఆయనదే. చెవి పరీక్షలకు గది ఉచితంగా ఇచ్చింది కూడా ఆయనే, తన ఆఫీసు పక్కనే, వచ్చేపోయేవాళ్లంతా తన కంటపడే చోట. ఈ సేఠ్ పుట్టుకతో సేఠ్ కాదు. రాజస్థాన్ నుంచి వచ్చి, కుర్రతనమంతా సాంచె నడిపి, తర్వాత సాంచెలు కొన్నవాడు. తెలుగు మాట్లాడడు గాని అన్నీ అర్థమవుతాయి.

"మన ఇందుజ చేసిన సర్వే ఇది," అన్నాడు నరహరి మైకు సవరించుకుని. "ఎవరి బలవంతం లేకుండా, తమంతట తాముగా తొమ్మిది వందల మంది పైచిలుకు జవాబిచ్చారు. పదికి తొమ్మిది మంది మాకేం ఇబ్బంది లేదన్నారు. పరీక్షల గదికి కూడా జనం రావడం లేదు. ఇంక అక్కడ ఆ గది..."

"అంకుల్, ఆ రిపోర్టు తప్పు."

హాలంతా ఇటు తిరిగింది. అన్నది ఇందుజ. ముందు వరసలో ఉన్న తండ్రి మొహం చూస్తే మాట రాదని అటు చూడలేదు.

"తప్పా? పోయిన నెల ఈ అంకెలు నాకు తెచ్చిచ్చింది నువ్వే కదమ్మా?"

"నేనే. తప్పు కూడా నాదే. వచ్చిన జవాబులు లెక్కపెట్టాను గాని, రానివాళ్ల గురించి ఆలోచించలేదు. లింకు నాలుగు వేల మందికి చేరింది అంకుల్. మూడు వేల మంది ఉలకలేదు, పలకలేదు."

"బాధ లేదు కాబట్టి పలకలేదు," అన్నాడు నరహరి తేలిగ్గా. "ముప్పై ఏళ్లు బ్యాంకులో చేసినవాణ్ణి. ఫిర్యాదుల పెట్టెలో చీటీ వేసేవాడు ఎప్పుడూ ఒళ్లు మండినవాడే. పని సాఫీగా అయినవాడు చక్కా ఇంటికి పోతాడు. ఆ లెక్కన, చెవులు బాగాలేనివాళ్లే ముందుకొచ్చి చెప్పుకుని ఉండాలి. వాళ్లే పదికి ఒకరు తేలితే, అసలు లెక్క ఇంకా తక్కువన్నమాట. ఏమంటావ్?"

చాలామంది తలలూపారు. ఊపరా మరి? అది తీసిపారేసే మాట కాదు. క్లాసులో ఇందుజకు చెప్పిన మొదటి పాఠం అదే. ఇష్టమైనవాళ్లే జవాబిచ్చే సర్వేలో కడుపు మండినవాడే ముందు పరిగెత్తుకొస్తాడని. ఆ పాఠం నమ్ముకునే తను కూడా నిశ్చింతగా ఉంది. పరిగెత్తడానికి దారి లేనివాడి సంగతి ఆ పాఠంలో ఉందో లేదో, ఉన్నా ఆమె ఆ రోజు క్లాసుకు వెళ్లలేదో.

"చెప్పుకుంటే నష్టం లేనప్పుడు మీరన్నది నిజం అంకుల్. ఇక్కడ అలా లేదు. మా నాన్న రైల్వేలో చేశారు, మీకు తెలుసు. కదిలే రైల్లో పెట్టె పెట్టెకూ తిరిగి, రైలు అందనివాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగితే ఎవరు చెయ్యెత్తుతారు? అందరికీ రైలు అందిందని రాసుకుని దిగిపోతాం. నా సర్వే చేసింది అదే. వినపడేవాళ్లకు మాత్రమే వినపడేలా అడిగాను. అది కూడా ముకాదం గ్రూపులోంచి, ఫోను నంబరు ఇమ్మని."

వెనక వరసల్లో చిన్న కదలిక. ఓంప్రకాష్ సేఠ్ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. ముకాదం పేరెత్తి పొరపాటు చేశానేమోనని ఇందుజకు అప్పుడు భయం వేసింది.

"పోలిక బాగుంది," నవ్వాడు నరహరి. "కాని పోలికలు పెట్టి తీర్మానాలు రాయలేంగా. సరే, రైలు అందనివాణ్ణి ఒక్కణ్ణి చూపించు. ఒక్కడు చాలు. రాసుకొచ్చిన తీర్మానం కాగితం ఇప్పుడే చింపేస్తాను."

ఇందుజ చూపు తనకు తెలియకుండానే మూడో వరస మీదికి పోయింది. చప్పున మళ్లించుకుంది.

"పేర్లు చెప్పను అంకుల్. ఎవరి పేరూ చెప్పను. కొంచెం గడువివ్వండి. అందరి పేర్లూ చీటీల మీద రాసి కలిపేద్దాం. చేతికి ఎవరి చీటీ వస్తే వాళ్లను, వాళ్లు ఇష్టపడితే, ఈ ఊరి కళ్లకు దూరంగా ఎక్కడైనా పరీక్ష చేయిద్దాం. పక్క ఊరు కిమ్‌లో చేయిద్దాం. ఎవరికి ఏముందో వాళ్లకు తప్ప ఇంకొకరికి తెలియనివ్వను. అప్పుడు వచ్చిన లెక్క చూసి గది ఎత్తేయండి, నేనే సంతకం పెడతాను."

"గడువు ఎక్కడిదమ్మా! కతర్‌గామ్ వాళ్లకు మాటిచ్చేశాం." నరహరి గారి గొంతులో మొదటిసారి విసుగు వినిపించింది. హాలంతా కలయజూశాడు. ఆయన చూపు మూడో వరసలో ఆగింది. "ఇదిగో, మన బుచ్చిరాములు ఎదురుగానే ఉన్నాడు. ఇరవై ఏళ్లు దాటింది సాంచెల మీదికొచ్చి. అతన్నే అడుగుదాం. ఏం బుచ్చిరాములూ, నీకు చెవులు బాగా వినిపిస్తున్నాయా?"

నరహరి గారు ఎదురుగా నిలబడి, ఒక్కొక్క మాటా విడదీసి అడిగాడు. బుచ్చిరాములు కళ్లు ఆయన పెదవుల మీది నుంచి కదల్లేదు. లేచి నిలబడ్డాడు.

"మంచిగ ఇనవడ్తది సార్! ఏం రంది లేదు."

అవసరానికి మించిన గొంతుతో అన్నాడు. సాంచెల దగ్గర పనిచేసేవాళ్ల గొంతు అంతేలే అని జనం నవ్వారు, చప్పట్లు కూడా కొట్టారు. అందరూ చప్పట్లు కొట్టడం చూసి బుచ్చిరాములు కూడా నవ్వి కూర్చున్నాడు.

"విన్నావుగా ఇందుజా? ఇంకా అనుమానమేనా?"

ఒక్క మాట చాలు. ఆయన వెనక నిలబడి అడగండి అంటే చాలు. గది నిలబడుతుంది, వెనక గోడకు ఆనుకున్న కుర్రాళ్లందరి చెవులు మిగులుతాయి. బుచ్చిరాములు పని పోతుంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అంటారే, ఆ పాటు వచ్చిపడింది ఇందుజకు. తన మీద తనకు అసహ్యం వేసింది. తను చేసిన తప్పుకు తను మాటపడితే సరిపోదా, మధ్యలో ఆ మనిషి అన్నం ఎందుకు పణంగా పెట్టాలి?

అయినా లేచింది. "అంకుల్, ఆయన్ని ఇంకొక్కసారి..."

గోడవారగా వినోద చెయ్యి గుండెల దాకా లేచింది. హాలుకు అటు చివరి నుంచి అరవలేదు, పరిగెత్తుకు రాలేదు. ఇంట్లో అలవాటైన మాటే చేతికి వచ్చింది పిల్లకు. అక్కడే పిడికిలి బిగించి పట్టుకుంది. కళ్లనిండా నీళ్లు. ఆపు. సాంచె ఆపు.

ఇందుజ ఆ పిడికిలి చూసింది.

"ఇంకొక్కసారి ఏం?" అన్నాడు నరహరి.

"ఏం లేదంకుల్," అని కూర్చుంది.

"మంచిది." నరహరి తీర్మానం కాగితం తీశాడు. "ఖటోదరా గది మూసెయ్యడానికి అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పండి. ఎవరూ ఏమీ అనకపోతే అందరికీ సమ్మతమేనని రాసుకుంటాను."

ఎవరూ ఏమీ అనలేదు. ఇందుజకు ఏడుపు, నవ్వు ఒకేసారి తన్నుకొచ్చాయి. నోరెత్తనివాణ్ణి మళ్లీ ఒప్పుకున్నవాళ్ల ఖాతాలో రాస్తున్నారు! మొదటిసారి ఆ పని చేసింది తనే, ఇప్పుడు ఎవర్ని అనాలి?

"ఏక్ మినిట్, నరహరి భాయ్."

ఓంప్రకాష్ సేఠ్ లేచాడు. ఆయన నరహరి వైపు చూడటం లేదు, ఇందుజ వైపు కూడా కాదు. వినోదను చూస్తున్నాడు. ఆ పిల్ల పిడికిలి ఇంకా గుండెల దగ్గరే ఉంది. హాల్లో ముందు వరసల వాళ్లకు అదేదో ఆడపిల్ల కంగారులా కనపడి ఉంటుంది. సాంచె నడిపినవాడికి అలా కనపడదు. ఇరవై ఏళ్లప్పుడు నేర్చిన మాట ముసలితనానికి మరుపుకొస్తుందా? ఆయన చూపు పిడికిలి మీది నుంచి తండ్రి మీదికి నడిచింది. వినోద గబుక్కున చెయ్యి దించేసింది. అప్పటికే ఆలస్యమైపోయింది.

సేఠ్ గోడ పక్కనుంచి మెల్లగా నడిచి, మూడో వరస వెనక్కి వెళ్లి, బుచ్చిరాములు కుర్చీ వెనక నిలబడ్డాడు.

"రాములూ," అని పిలిచాడు మామూలు గొంతుతో.

హాలంతా అటు తిరిగింది. బుచ్చిరాములు తిరగలేదు. నరహరి గారి మొహంలోకే చూస్తున్నాడు, మళ్లీ ఏమైనా అడుగుతారేమోనని.

"రాములూ!"

పక్కనున్న మనిషి మోచేతితో పొడవబోతే, సేఠ్ వద్దని కళ్లతోనే ఆపాడు. బుచ్చిరాములుకు తనవైపు తిరిగిన మొహాలు కనపడ్డాయి. నవ్వబోయాడు. ఎవరూ నవ్వడం లేదు. అరచెయ్యి తిప్పి కూతుర్ని అడిగాడు, ఏమైందని. ప్రతి రోజూ, ప్రతి చిన్నదానికీ తండ్రికి చేతులతో జవాబు చెప్పే పిల్ల, రెండు చేతులూ చున్నీలో బిగించి పట్టుకుని తల వంచుకుంది. ఆయన మళ్లీ అడిగాడు. వినోద తలెత్తలేదు.

నరహరి గారు చేతిలో ఉన్న కాగితం వంక చూశాడు. మాటిచ్చిన మనిషి కదా, దాన్ని రెండుగా చింపాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "గది ఉంటుందమ్మా," అన్నాడు ఇందుజతో. గెలిచానని ఇందుజకు ఒక్క క్షణం కూడా అనిపించలేదు.

సేఠ్ బుచ్చిరాములు భుజం మీద చెయ్యి వేశాడు. ఆయన ఉలిక్కిపడి లేచి, వెనక్కి తిరిగి, యజమానిని చూసి చేతులు జోడించాడు. సేఠ్ మొహంలో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది. నోటితో ఏమీ అనకుండా, ఒకప్పటి సాంచెల మనిషి చెయ్యి పైకెత్తి, మెల్లగా పిడికిలి బిగించాడు.

బుచ్చిరాములు ఆ పిడికిలి వంక చూశాడు. తల తిప్పి హాలంతా వెతికాడు. తన గదికి వచ్చి, తను పెట్టిన చాయ్ తాగి, తన చెవి దగ్గర ఫోను పెట్టిన బయటి మనిషి ఆ హాల్లో ఒక్కతే ఉంది. ఆమె దగ్గరికి నడిచి వచ్చి నిలబడ్డాడు.

"బిడ్డా," అన్నాడు, సాంచెల మోతను మించే ఆ గొంతుతోనే. "నువ్వే చెప్పినవా?"

నేను కాదు అంటే, మరెవరని అడుగుతాడు. ఆయన వెనక వినోద గోడకు ఆనుకుని, రెండు చేతులూ ఇంకా చున్నీలోనే దాచుకుని, ఇందుజ ఏమంటుందోనని చూస్తోంది. ఇందుజ నోరు తెరిచింది. బుచ్చిరాములు ఆమె పెదవుల వైపే చూస్తున్నాడు.